అయిదు గంటలు ఎటు పోయాయి

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు అప్పగించిన పని, కాన్పులో చనిపోయిన ఆడవాళ్ల ఇళ్లకు వెళ్లి వివరాలు రాసుకురావడం. మాది కోనసీమ. అక్కడ ఆస్పత్రి దూరమై ప్రాణాలు పోవడం నాకు తెలుసు. సికింద్రాబాద్‌లో సందుకో నర్సింగ్ హోమ్ ఉంది కదా, ఇక్కడెందుకు చనిపోతున్నారు? అదే నాకు అర్థమయ్యేది కాదు.

రాంగోపాల్‌పేట్‌లో ఒకింటి పెద్దకోడలు తొలి కాన్పులో చనిపోయింది. కాగితంలో కారణం ఒక్క మాటే: రక్తస్రావం. ఆమె అత్తగారు నాకు చాయ్ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"పొద్దుగాల పదింటికి మా సందుల నర్సింగ్ హోమ్‌ల పాప పుట్టింది. ఆనక నెత్తురు ఆగలే. పన్నెండింటికి పెద్ద దవాఖానకు తీస్కపొమ్మన్నరు."

"వెంటనే చేర్చుకున్నారా అమ్మా?"

"బెడ్ లేదన్నరు. ఇంకో దవాఖానకు పోతే నెత్తురు మీరే తేవాలె అన్నరు. నా కొడుకు ఉరికిండు. వాడు తెచ్చేసరికి మూడైంది. అప్పటికే పోయింది."

అయిదు గంటలు. ఫారంలో ఆ గంటలు రాయడానికి చోటు లేదు. వెనక్కి తిప్పి రాసుకున్నాను. ఆదివారం చర్చి అయ్యాక, ఆ నర్సింగ్ హోమ్ దగ్గర మొదలుపెట్టి రెండు ఆస్పత్రులకూ నడిచి చూశాను. గంట కూడా పట్టలేదు.

ఇంకేదైనా గుర్తొస్తుందేమో అడుగుదామని మళ్లీ వెళితే, ఈసారి ఆవిడే నన్ను అడిగింది.

"గివన్ని రాస్కుంటే ఏమైతది బిడ్డా? నా చిన్నకోడలికి ఏడో నెల. ఆమెకేం జెయ్యాల్నో జెర చెప్పు."

తిరుమలగిరిలో మా పక్కింట్లో ఉండే నర్సును అడిగాను. రక్తనిధి ఉన్న ఆస్పత్రిలోనే మొదటి నుంచీ చూపించమంది. రక్తం గ్రూపు ముందే తెలుసుకోమంది, ఇచ్చేవాళ్లను సిద్ధంగా ఉంచుకోమంది. చిన్నకోడలిని నేనే వెంటబెట్టుకెళ్లి అలాంటి ఆస్పత్రిలో పేరు రాయించాను. ఆమె గ్రూపు ఇంట్లో ఒక్కరికే కలిసింది, భార్యను పోగొట్టుకున్న బావగారికి. అతను కాన్పుకు వారం ముందే వెళ్లి ఆ రక్తనిధిలో రక్తం ఇచ్చి వచ్చాడు.

కాన్పు రోజున ఆమెకూ నెత్తురు ఆగలేదు. అక్కడి నర్సు రక్తనిధికి పరుగున వెళ్లి, పది నిమిషాల్లో రక్తం సీసా తెచ్చి ఎక్కించింది. సాయంత్రానికి ఆమె కళ్లు తెరిచి మంచినీళ్లు అడిగింది.

వరండాలో బల్ల మీద కూర్చున్న బావగారు నావైపు తిరిగాడు.

"గింతసేపేనా మేడమ్, పట్టేది?"

"అవునండీ" అన్నాను. అతను చాలాసేపు ఏడ్చాడు. నేను పక్కనే కూర్చున్నాను.