ఉద్దానం బొండాలూ, నా అసూయా

కిడ్నీ రోగుల గురించి పరిశోధన చేయడానికి వెళ్లి, తానే రోగిగా ఆటో ఎక్కిన ఘనురాలి కథ ఇది. ఆ ఘనురాలిని నేనే. నవ్వండి, ఏమీ అనుకోను. పలాస దాకా ఇప్పటికే నవ్వేశారు.

రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజులు. యూనివర్సిటీలో నేను టీచింగ్ ఫెలోని. వారమంతా చదువులో వెనకబడ్డ పిల్లలకు వ్యాసాలు, నివేదికలు రాయడం నేర్పడం, సెలవు దొరికితే కిడ్నీ జబ్బుకు పేరుమోసిన ఉద్దానం పల్లెలకు వెళ్లి, ఆ జబ్బున్నవాళ్లు ఆసుపత్రికి ఎందుకు వెళ్లడం లేదో అడిగి తెలుసుకోవడం నా పని. ఆ పని ఇచ్చిన ప్రభువుకు రోజూ కృతజ్ఞత చెప్పుకునేదాన్ని. అదే పని సుగుణకు కూడా ఎందుకిచ్చాడో మాత్రం నాకు బోధపడలేదు.

సుగుణ నాకంటే చిన్నది. ఏ ఇంటికెళ్లినా కొబ్బరిబొండాం తాగి గడప మీద చతికిలబడేది. అంతే, జనం మనసు విప్పేసేవారు. నేనేమో బడికి పోకుండా ఇంట్లో నాన్న దగ్గరే చదువుకుని పెరిగినదాన్ని. పరాయి ఇంట్లో మంచినీళ్లు అడగడానికీ మొహమాటమే. నా టేపుల్లో మనుషుల మాటలకంటే కోళ్ల అరుపులే ఎక్కువ. ఇంతలో ఈ పరిశోధన చేయిస్తున్న మా సర్ తేల్చేశారు: "మంచి సంగతులు ఎవరు తెస్తే నివేదిక మీద వాళ్ల పేరు ముందుంటుంది." ఆ రోజు నా ప్రార్థనలో సుగుణ పేరు చాలాసార్లు వచ్చింది, దీవించమని మాత్రం కాదు.

పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. నాకు పొరుగుపిల్ల తాగిన బొండాం రుచిగా తోచింది.

మర్నాడు వజ్రపుకొత్తూరు దగ్గర ఓ పల్లెలో మొదటి ఇంట బొండాం తాగాను. పక్కింటావిడ దారికడ్డంగా నిలబడింది.

"ఆలింట్లో తాగినావు, మాయింటి బొండాం సేదేటమ్మా?"

తాగాను. ఎదురింటి నీలమ్మ మామ్మ అప్పటికే కత్తి పట్టుకుని సిద్ధంగా ఉంది.

"ఆల కాయలు సప్పన. మాది తాగి సూడు."

అసూయ నా ఒక్కదాని సొత్తు కాదని తెలిసి కాస్త ఊరట కలిగింది. తాగాను. ఆ వీధిలో ఎవరినీ నొప్పించలేదు.

ఊరివాళ్లందరితో సమావేశానికి సుగుణ పక్కన కూర్చునేసరికి నా కడుపు వరదొచ్చిన వంశధార. ఆ ఊళ్లో మరుగుదొడ్డి ఉన్న ఇల్లు లేదు. జీడితోటలోకి వెళ్లొస్తానని అంతమంది మగవాళ్ల ముందు చెప్పడానికి నోరు రాలేదు. 'ప్రభువా, పేరు సంగతి తర్వాత, ముందు ఈ సభ ముగించు' అని వేడుకుంటూ మెలికలు తిరిగాను. నీలమ్మ మామ్మ నా మొహంలోకి చూసింది.

"ఏటి తల్లీ, సెమటలు పట్టేసినాయి? పొద్దుట్నుంచి ఒంటేలుకి ఎల్లినావా?"

అబద్ధం ఆడకూడదు కదా. లేదని తలూపాను. ఆ ఊళ్లో ఆ ఒక్క మాటకు ఎంత అర్థముందో, ఆ జబ్బు మీదే పరిశోధన చేస్తున్న నాకు తట్టలేదు. సభ మొత్తం లేచి నిలబడింది.

"నేదంట. ఈ పిల్లకీ పట్టేసింది. ఆటో పిలండి."

"మామ్మా, నాకు జబ్బు లేదు."

"మా ముసిలోడూ అలాగే అన్నాడమ్మా. ఎక్కి కూకో."

ఆటోలో ఒకవైపు మామ్మ, మరోవైపు సుగుణ. గొయ్యి వచ్చినప్పుడల్లా నేను ప్రభువును పిలుస్తున్నాను. మామ్మ తన పెనిమిటిని ఇదే దారిలో తిప్పిన కథ చెబుతోంది.

"పొద్దున్న ఎల్తే సందేలకి ఇల్లు సేరేవోలం. ఇద్దరి కూలీ పోయేది. నొప్పి కన్నా దారే ఎక్కువ తల్లీ. అందుకే మావోలు ఎల్లరు."

సర్ అడిగిన ప్రశ్నకు జవాబు అదే. వినపడింది గానీ అందుకునే స్థితిలో నేను లేను. సుగుణ ఒళ్లో టేప్‌రికార్డర్ తిరుగుతూనే ఉంది.

పలాసలో ఓ చిన్న ఆసుపత్రికి చేర్చారు. నర్సు అగ్గిపెట్టెంత సీసా చేతికిచ్చి, "కొంచెం పట్టి తెండి" అంది.

"ఇదేనా? బిందె లేదా?" అన్నాను.

పరీక్షలో ఏ దోషమూ తేలలేదు. మామ్మ కొంగుతో కళ్లొత్తుకుని, "బతికినావు తల్లీ" అంది. ఆ ముసలి ప్రాణానికి అసలు సంగతి చెప్పలేక రెండు చేతులూ పట్టుకున్నాను. ఆవిణ్ణి తలచుకున్నప్పుడల్లా ఇప్పటికీ దేవుడికి స్తోత్రం చెప్పుకుంటాను.

కొన్నాళ్లకు టెక్కలిలో అధికారుల ముందు నివేదిక చదివింది సుగుణే. పేరు ముందు తనదే. 'ఒక మహిళను ఆసుపత్రికి చేర్చిన దారి' అంటూ మా ఆటో ప్రయాణం పేజీ నిండా ఉంది. వింటున్నవాళ్లు అయ్యో పాపం అన్నారు. బయటికొచ్చాక ఉండబట్టలేక అడిగాను.

"ఆ పేజీలోనైనా నా పేరు లేదేం సుగుణా?"

"రోగుల పేర్లు రాయకూడదు కదక్కా. పిల్లలకు ఆ పాఠం చెప్పేది నువ్వేగా."

అక్కడికక్కడే ప్రభువు ఎదుట ప్రమాణం చేశాను. ఇక జన్మలో తోటివారిని చూసి అసూయపడను. మనిషిని గనక ఒకవేళ పడినా, దగ్గర్లో మరుగుదొడ్డి ఎక్కడుందో కనుక్కుని మరీ పడతాను.