చావు ఊసెత్తని ఏర్పాటు

2011 వేసవిలో నేను అరిజోనాలో, నవహో ఆదివాసులకు కేటాయించిన రిజర్వేషన్ భూముల అంచున ఉన్న ఒక ఉచిత న్యాయసహాయ కార్యాలయంలో స్టాఫ్ అటార్నీని. ఇది మహాకావ్యం కావలసిన కథ: ఎర్రకొండలు, మూడు తరాలు, ఒక రాజ్యానికి వారసత్వం. కాదులెండి. రాజ్యమంటే గొర్రెల మేత పర్మిట్. నేను ‘రిటైరవడం’ కూడా అలాంటిదే. ముప్పై రెండేళ్ల వయసులో ఆ ఉద్యోగం మానేసి రెడ్‌మండ్ వచ్చేశాను.

ఆ వేసవి షెరీన్ అనే నవహో అమ్మాయి, లా చదువుతూ, నా కింద ఇంటర్న్‌గా చేరింది. ఇంటర్న్ సొంతంగా సలహా చెప్పకూడదు, లాయరు అనుమతి ఉండాలి. ఆ లాయరుకు, అంటే నాకు, నవహో భాష రాదు కనుక మాట్లాడేదంతా ఇంటర్నే. పర్యవేక్షణ అంటే ఇదే.

ఒకరోజు ఒక అవ్వ వచ్చింది. పర్మిట్ ఆమె పేరున ఉంది, గొర్రెలను కాసేది మనవరాలు. ఏ ఏర్పాటూ లేకుండా అవ్వ పోతే ఫీనిక్స్‌లోని కొడుకు పర్మిట్ కోసం కోర్టుకెక్కుతాడు. అతనికి దక్కితే మంద అమ్మకానికే. వీలునామా రాద్దామని, “మీరు పోయాక పర్మిట్ ఎవరికి?” అన్నాను.

షెరీన్ అనువదించలేదు. అవ్వకు ఆ మాత్రం ఇంగ్లీషు వచ్చు. లేచి తన ట్రక్కులోకెళ్లి కూర్చుంది.

“రవీ, మా పెద్దవాళ్ల దగ్గర పోవడం గురించి అలా అనకూడదు. నోటితో అంటే పిలిచినట్టే.”

“లీగల్‌గా అడగాలి కదా!”

“మీ అమ్మమ్మని ఇలాగే అడుగుతావా?”

అడగను. ‘శుభం పలకరా పెళ్లికొడకా అంటే’ అనే సామెతను మా ఇంట్లో నా మీదే వాడేవారు.

“వీలునామా వదిలెయ్. బతికుండగానే పేరు మార్పిస్తే?” అంది షెరీన్.

చట్టం ఒప్పుకుంటుంది. సరేనన్నాను. ఈ కేసులో నేను చేసిన న్యాయసేవ మొత్తం అదే.

ఇద్దరం ట్రక్కు దగ్గరికి వెళ్లాం. షెరీన్ ముందు తన తల్లి వంశం, తండ్రి వంశం చెప్పుకుంది. మన గోత్రం ప్రవర చెప్పుకున్నట్టు. తర్వాత చాలాసేపు గొర్రెల సంగతే. చివరికి, “అవ్వా, మంద ఎవరి పిలుపుకి వస్తుంది?” అంది.

“మనవరాలి పిలుపుకే. నేను పిలిస్తే కుక్క కూడా రాదిప్పుడు.”

“మరి పర్మిట్ ఇప్పుడే తన పేర మారిస్తే?”

“మార్చు. నేనుండి చూస్తాను. ఆ లాయరబ్బాయి ముందు నన్ను పంపించి, తర్వాత ఇస్తానన్నాడు.”

ఇది మాత్రం షెరీన్ పొల్లుపోకుండా అనువదించింది.

మేత పర్మిట్లు చూసే స్థానిక కమిటీ ఒప్పుకుంది. కొడుకు వచ్చి అరిచి వెళ్లాడు, మంద మిగిలింది. పెద్ద ఫర్మ్‌లో చేరదామనుకున్న షెరీన్, చదువయ్యాక నవహో కోర్టుల్లో వాదించడానికి కావలసిన పరీక్ష పాసై ఆ ఊళ్లోనే బోర్డు కట్టింది.

క్లయింటుకు ఏం కావాలో తెలుసుకోవడం సగం పని, అది ఎలా అడగాలో తెలియడం మిగతా సగం. పేరు మార్పిడికి మాత్రం పొద్దున్నే వెళ్లాలి. భోజనాల వేళ కమిటీ ఆఫీసు మూసేస్తారు.