మొదటి బంతి

విజయవాడ పటమటలో ఇల్లు కట్టుకుని వచ్చేసి చాలా ఏళ్ళయినా మా ఊరి వాట్సాప్ గ్రూపులోంచి మాత్రం నేను బయటికి రాలేదు, పొద్దున్నే కాఫీ తాగుతూ ఊళ్ళో ఎవరికేమైందో చూసుకోవడం ఒక అలవాటైపోయింది. మొన్నామధ్య అందులో ఒక ఆహ్వానం వచ్చింది. కాలువ గట్టు మీద గంజాయి తాగి, బడి వదిలే వేళకి ఆడపిల్లల స్కూటీలకు అడ్డంపడే గుంపులు ఎక్కువైపోయాయనీ, అందుకని ఊరివాళ్ళంతా కలిసి రక్షణ సంఘం పెట్టుకుంటున్నారనీ, ప్రారంభోత్సవం తర్వాత భోజనాలు కూడా ఉన్నాయనీ రాశారు. చదివి ఎంతో సంతోషించాను, ఇన్నాళ్ళకు మా ఊరివాళ్ళు కదిలారనుకున్నాను. ఆ కింద ఉన్న బొమ్మ చూశాక మాత్రం కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. తెల్లచొక్కా, రంగేసిన జుట్టు, రెండు చేతులూ జోడించి ఓ పెద్ద నవ్వు. గౌరవాధ్యక్షులట!

ఒళ్ళు మండిపోయి వెంటనే ఆ సంఘానికి కార్యదర్శిగా ఉన్న మా తమ్ముడి కొడుక్కి ఫోన్ చేశాను. "ఎలాంటివాళ్ళ మీద సంఘం పెట్టారో అలాంటివాణ్ణే తెచ్చి నెత్తినెక్కించుకున్నారేంట్రా?" అంటే, వాడు చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా, "అత్తా, అవన్నీ ఎప్పటి సంగతులో. ఇప్పుడాయన చెబితే స్టేషన్లో పనవుద్ది. ఆయన పేరుంటే కుర్రాళ్ళు భయపడతారు" అన్నాడు. భయపడతారట. భయం పోగొట్టుకోవడానికి సంఘం పెట్టుకుని, దానికి భయాన్నే అధ్యక్షుణ్ణి చేశారు.

నా ఈడువాళ్ళకు, అందులోనూ మా కాలువ ఊళ్ళవాళ్ళకు, ఇలాంటి మొహాలు కొత్తేమీ కాదు. మా ఊరు చిన్నది, కాలువ, దాని మీద నీళ్ళు ఆపి వదిలే లాకులు, లాకుల పక్కన వంతెన, వంతెన దిగితే బజారు. ఆ లాకుల దగ్గర దిమ్మల మీద రోజంతా కూర్చునే ఒక గుంపుండేది, లాకుల బ్యాచ్ అనేవారు, ఆ గుంపుకు పెద్ద ఈ గౌరవాధ్యక్షుడే. సినిమా హాల్లో గేటు దగ్గరుండే మనిషి టిక్కెట్ అడిగాడని చెయ్యి విరిచారు, రిక్షావాళ్ళను కొట్టారు, బజార్లో ప్రతి కొట్టువాడూ వాళ్ళకు మామూలు ఇచ్చుకోవాల్సిందే. అప్పటికి నేను ట్రైనింగ్ పూర్తిచేసి ఊళ్ళోనే బాలికల హైస్కూల్లో టీచరుగా చేరాను. వంతెన దాటి రావాల్సిన పిల్లలు, పెద్ద తరగతుల్లోకి వచ్చేసరికి, ఒక్కొక్కరే బడి మానేసేవారు. ఎందుకు మానేశారో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. హాజరు వేసేటప్పుడు ఆ పేర్లు పిలిచి, జవాబు రాక ఊరుకున్న ఆ క్షణాలు గుర్తొస్తే ఇప్పటికీ నాకు కోపమే వస్తుంది.

అన్నిటికంటే నాకు కడుపు రగిలేది పెళ్ళిళ్ళలో. అప్పుడు ఈ కేటరింగులూ ఫంక్షన్ హాళ్ళూ ఎక్కడివి, ఇంటి ముందు తాటాకు పందిరి, పెరట్లో నేల తవ్విన గాడిపొయ్యి మీద వంట గుండిగలు, నేల మీద బారుగా చాపలు, వాటి ముందు విస్తళ్ళు. ఒక్కో వరసనీ బంతి అనేవాళ్ళం. మొదటి బంతి మగపెళ్ళివారిది, అది మర్యాద. ఆ తర్వాత ఊరి మగవాళ్ళు, పిల్లలు, చిట్టచివర, గుండిగల్లో ఏం మిగిలితే అది, ఆడవాళ్ళు. అలాంటి మొదటి బంతిలోకి ఈ లాకుల బ్యాచ్ పిలవకుండానే వచ్చి, పెళ్ళికొడుకు బంధువుల పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చునేది. ఎవరింట్లో పెళ్ళయినా వాళ్ళకు ముందు వడ్డించాలి, కూతురి పెళ్ళి చేసుకుంటున్న మనిషి వాళ్ళ ముందు నిలబడి "ఇంకో బూరె వేయించమంటారా?" అని అడగాలి. రాత్రయితే వీళ్ళు తాగి వస్తారని భయపడి మా ఊళ్ళో జనం పగటి ముహూర్తాలు పెట్టించుకోవడం మొదలుపెట్టారు, అయినా తప్పేది కాదు.

మా అక్క పెళ్ళికి కొంచెం ముందు, మా వీధిలోనే ఉండే హెడ్మాస్టరుగారి అమ్మాయి పెళ్ళి జరిగింది. గారెలు రావడం కాస్త ఆలస్యమైందని ఆ పెద్ద రౌడీ, తింటున్న విస్తరి తీసి ఆయన మొహాన కొట్టాడు. పప్పూ పులుసూ కారుతున్న మొహంతో ఆయన వంగి ఆ విస్తరి ఎత్తుకుని, "తప్పయిపోయింది బాబూ, కూర్చోండి" అని చేతులు జోడించారు. పందిట్లో అంతమంది మగవాళ్ళున్నారు, మా నాన్న కూడా ఉన్నాడు, ఒక్కరూ నోరు మెదపలేదు. గుమ్మంలో నిలబడి చూస్తున్న మా అమ్మ మొహం నేను చూశాను. ఇంటికొచ్చి చెంబెడు నీళ్ళు తాగి, "మన పెద్దదాని పెళ్ళిలో మీ నాన్న మొహం మీద ఇలా విస్తరి పడితే నేను బతకను" అంది.

మగవాళ్ళు ప్రయత్నించలేదని అనను. లైబ్రరీలో మీటింగులు పెట్టుకున్నారు, స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వాలనుకున్నారు, అయితే ముందు సంతకం ఎవరు పెట్టాలన్న దగ్గర ఆగిపోయి, టీ తాగి, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. అమ్మ మాత్రం మా ఊరి ఆస్పత్రి నర్సమ్మగారితో మాట్లాడింది. ఆవిడ చర్చి వీధిలో ఉండేది, ఊళ్ళో సగం మంది పిల్లలు ఆవిడ చేతుల్లోనే పుట్టారు, రౌడీ వెధవల గాయాలకు కుట్లు వేసిన చెయ్యి కూడా అదే కాబట్టి వాళ్ళంటే ఆవిడకు లెక్కలేదు. ఇద్దరూ కలిసి తేల్చిన సంగతి చాలా చిన్నది. అక్క పెళ్ళిలో మొదటి బంతిలో ఊరి ఆడవాళ్ళు కూర్చోవాలి, పందిరి ఈ చివర నుంచి ఆ చివరకు సందు లేకుండా కూర్చోవాలి. రౌడీలకు చోటుండకూడదు, అంతే.

ఈ రోజుల్లో ఇది వింటే ఇందులో ఏముంది అనిపిస్తుంది. ఆడవాళ్ళు మగపెళ్ళివారి కంటే ముందు తినడమంటే వియ్యాలవారిని అవమానించినట్టే, పీటల మీద పెళ్ళి ఆగిపోవడానికి అంతకంటే చిన్న కారణాలు సరిపోయిన రోజులవి. పైగా మా వీధివాళ్ళూ చర్చి వీధివాళ్ళూ పక్కపక్కన కూర్చుని తినడం అప్పటిదాకా మా ఊళ్ళో లేదు, చెప్పుకోవడానికి సిగ్గుచేటు. ఊరు అలా వీధికో ముక్కగా ఉంది కాబట్టే లాకుల మీద వాడు అంత ధీమాగా కూర్చున్నాడని నర్సమ్మగారు అనేది. అక్క మాత్రం పెళ్ళి చీర మడతలు సర్దుకుంటూ కూర్చుంది. ఈ పంతంలో పోతే పోయేది దాని జీవితమే కదా అని నాకు బెంగగా ఉండేది.

అందరికీ చెప్పాలి, వాళ్ళకు తెలియకూడదు. అందుకు మా అమ్మకు దొరికిన ఉపాయం బొట్టు పెట్టి పిలవడం. పెళ్ళికి ముందు ఇంటింటికీ వెళ్ళి ఆడవాళ్ళను బొట్టు పెట్టి పిలవడం ఆచారమే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. నేనూ అమ్మతో తిరిగాను. కుంకుమ పెడుతూ అమ్మ ఆ ఇంటావిడ చెవి దగ్గర ఒకే మాట చెప్పేది, "మొదటి బంతికే వచ్చెయ్యండి వదినా." చర్చి వీధిలో నర్సమ్మగారే ఇంటింటికీ వెళ్ళి ఆ మాట చెప్పింది. మా నాయనమ్మ మాత్రం విని ముక్కున వేలేసుకుంది. "ఆడాళ్ళు మొదటి బంతికి కూర్చోడమేంటే, చోద్యం కాకపోతే!" అని పొద్దున్నుంచి సాయంత్రం దాకా సణిగింది. పెళ్ళికొడుకు తల్లిది కూచిపూడి పక్క పల్లె, ఆవిడేమంటుందోనని అమ్మ భయపడుతూనే వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆవిడ, "మా ఊళ్ళోనూ ఉన్నార్లే వదినగారూ ఇట్టాంటోళ్ళు. నాకూ ఒక విస్తరి వేయించండి" అందట.

ఆఖరున అమ్మ ఎవరికీ చెప్పకుండా నన్ను వెంటబెట్టుకుని ఒక చిన్న పెంకుటింటికి వెళ్ళింది. అది ఆ రౌడీ తల్లి ఉండే ఇల్లు. భర్త పోయిన మనిషి కాబట్టి ఆవిణ్ణి బొట్టు పెట్టి పిలిచేవాళ్ళు లేరు, ఆ కొడుకు తల్లి కాబట్టి మామూలుగా పిలిచేవాళ్ళూ లేరు. అమ్మ ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, దాచకుండా అంతా చెప్పి, "మా అమ్మాయి పెళ్ళికి రావాలి" అంది. ఆవిడ మమ్మల్ని కూర్చోమని కూడా అనలేదు, మేం వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడి ఉంది. కొడుక్కి చెప్పేస్తుందేమోనని నాకు ఆ రోజంతా ఒకటే భయం.

పెళ్ళిరోజు మధ్యాహ్నం విస్తళ్ళు వేయగానే లాకుల బ్యాచ్ రానే వచ్చింది. పందిరి పక్కన గోళెం దగ్గర నవ్వుకుంటూ చేతులు కడుక్కుని, అలవాటుగా ఇటు తిరిగారు. అప్పటికే లోపలి నుంచి, పెరటి వైపు నుంచి, వీధిలోంచి ఆడవాళ్ళు వచ్చి కూర్చుంటున్నారు. అందరికంటే ముందు వచ్చి, బంతి మొదట్లో, రాజ్యం ఏలుతున్నట్టు కూర్చున్నది మా నాయనమ్మ. ఆవిడ పక్కన నర్సమ్మగారు, ఆ పక్కన వియ్యపురాలు, హెడ్మాస్టరుగారి భార్య, చర్చి వీధి వాళ్ళు, మా వీధి వాళ్ళు, బడి మానేసిన నా పిల్లలు, వాళ్ళ తల్లులు. నేనూ కూర్చున్నాను. అటూ ఇటూ భుజాలు తగులుతున్నాయి, ఇంకో విస్తరికి చోటు లేదు. చిట్టచివర మిగిలిన ఒక్క చాప మీదికి, తెల్లచీర కొంగు తల మీద కప్పుకుని, రౌడీ తల్లి వచ్చి కూర్చుంది.

మా నాన్న అన్నం బేసిన్ పట్టుకుని వడ్డనకు వచ్చాడు. మెతుకులు నేల మీద పడుతున్నాయి, అయినా ఆగలేదు. రౌడీలు తడిచేతులతో నిలబడ్డారు, కూర్చుందామంటే చోటు లేదు, వెళ్ళిపోదామంటే పరువు. అప్పుడు ఆ పెద్ద రౌడీ గుడ్లురుముతూ బంతి చివరికి వెళ్ళి, "లేవే అమ్మా. ఇంటికి పద" అన్నాడు. ఆవిడ తలెత్తలేదు. పప్పన్నం కలుపుకుంటూనే, "అన్నం ముందు కూర్చున్నాన్రా. తిననీ" అంది. ఎంత రౌడీ అయినా విస్తరి ముందు నుంచి మనిషిని లేపడం మా వైపు ఎవరూ చెయ్యరు, అందులోనూ కన్నతల్లిని. వాడు చేతులు ప్యాంటుకు తుడుచుకుని వెళ్ళిపోయాడు, వెనకే మిగతావాళ్ళు. మా నాయనమ్మ అప్పుడు గొంతెత్తి, "ఏరా, ఇటు నెయ్యి రాలేదు!" అని మా నాన్నను కేకేసింది. పందిరంతా ఒక్కసారిగా నవ్వింది. అక్క పెళ్ళి మొత్తంలో నాకు మంత్రాలు గుర్తులేవు, ఆ నవ్వే గుర్తుంది.

ఆ తర్వాత మా ఊళ్ళో ప్రతి పెళ్ళికీ మొదటి బంతి ఆడవాళ్ళదే అయింది. వాడు తడిచేతులతో నిలబడటం కళ్ళారా చూశాక మగవాళ్ళకు కూడా ఎక్కడలేని ధైర్యం వచ్చింది, హెడ్మాస్టరుగారు ఫిర్యాదు మీద ముందు సంతకం పెట్టారు, వెనకే ఊరు పెట్టింది. కేసులయ్యాయి, లాకుల దిమ్మలు ఖాళీ అయ్యాయి, వాడు విజయవాడ వెళ్ళిపోయాడు. నా పిల్లల్లో కొందరు తిరిగి బడికొచ్చారు. విజయవాడలో వాడు స్థలాల బేరాల్లో పెరిగి పెద్దమనిషి అయ్యాడని, గవర్నర్‌పేటలో ఆఫీసు పెట్టాడని వింటూనే ఉన్నాను. మనకెందుకులే, ఊరు వదిలాడు కదా అనుకున్నాం.

సరే, పంతం పట్టి ఆ ప్రారంభోత్సవానికి బస్సెక్కి వెళ్ళాను. ఉపన్యాసాల్లో వాడు ఆడపిల్లల రక్షణ గురించి మాట్లాడాడు, జనం చప్పట్లు కొట్టారు. భోజనాల దగ్గర అందరికీ బఫే, పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడాలి. వేదిక పక్కన మాత్రం తెల్లగుడ్డ పరిచిన బల్ల, అరిటాకులు, పెద్దవాళ్ళకు విడిగా వడ్డన. నేను తిన్నగా వెళ్ళి ఆ బల్ల మధ్యలో కూర్చున్నాను. మా తమ్ముడి కొడుకు పరిగెత్తుకొచ్చి, "అత్తా, అది వీఐపీలకి" అన్నాడు. "ఆకు ముందు కూర్చున్నాన్రా" అన్నాను. వాడికేం అర్థం కాలేదు. వరసలో నా దగ్గర చదువుకున్న ఆడవాళ్ళు ఉన్నారు, ఆనాడు నాతో పాటు మా పందిట్లో కూర్చున్నవాళ్ళు కూడా ఇద్దరు ముగ్గురున్నారు. రండి, ఇటు రండి అని చెయ్యూపాను. "పర్లేదు టీచరుగారూ, లైన్లో ఉన్నాం" అని నవ్వి, కొందరు ఫోనుల్లోకి తలలు దించుకున్నారు. వాళ్ళ మీద వచ్చినంత కోపం నాకు ఆ గౌరవాధ్యక్షుడి మీద కూడా రాలేదు.

ఇంతలో వాడు చేతులు కడుక్కుని వచ్చాడు. నన్ను గుర్తుపట్టాడు, ఆ కళ్ళలో అది కనిపించింది. మర్యాదగా నమస్కారం పెట్టి, "కూర్చోండి టీచరుగారూ, కూర్చోండి. ఏవయ్యా, ముందు మేడంగారికి వడ్డించండి" అన్నాడు.

చాలామంది నన్ను అడుగుతుంటారు, అప్పట్లో మీకంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందండీ అని. ధైర్యమేమీ లేదు. అటు భుజానికి ఒకరు తగిలారు, ఇటు భుజానికి ఒకరు తగిలారు, అందుకని లేవలేదు. మొన్న నాకు అటూ ఇటూ అరిటాకులు వేసే ఉన్నాయి, వాటి ముందు కుర్చీలూ ఉన్నాయి, మనుషులే లేరు. పక్కన ఖాళీ ఉంది కాబట్టి, వాడు వచ్చి నా పక్కనే కూర్చున్నాడు.