మంచులో ఉన్న ముగ్గురు

శ్యాంసుందర్ నోట్లో నువ్వుగింజ నానదు. దామరచర్ల చుట్టుపక్కల ఎవరి బర్రె ఎదకొచ్చింది, ఎవరి ఆవుకు చూడి నిలిచింది, ఎవరింట్లో పెయ్యదూడ పుట్టింది, ఆ కబుర్లన్నీ సాయంత్రం పాలు పితికే వేళకల్లా ఊరూరా చేరాయంటే ఆ పుణ్యం అతనిదే. అతను గోపాలమిత్ర. బండి వెనక ఆబోతు వీర్యం స్ట్రాలు దాచే ద్రవ నైట్రోజన్ క్యాను కట్టుకుని పల్లెలు తిరిగి పశువులకు చూడి కట్టే సూదులు వేస్తాడు. చదివింది ఇంటరే అయినా జనం డాక్టర్ సాబ్ అంటారు. అతనూ కాదనడు. క్యాను మూత తీసి తెల్లటి పొగ పొంగిస్తూ, ఇందులో పెడితే కాలమైనా ఆగిపోవాల్సిందేనని రైతులకు చెప్పడం అతనికి భలే సరదా.

అంతటి మనిషి ఒక్క సంగతిని మాత్రం పదేళ్ళు దాచాడంటే నమ్మాలి మరి. అదీ తన గొప్ప కాదు, భార్య వందన బిడ్డ మీద ఒట్టు వేయించుకుంది కాబట్టి. వాళ్ళమ్మాయి సౌందర్య మిర్యాలగూడలో ఒక సంతాన సాఫల్య కేంద్రంలో, గాజు గిన్నెలో ప్రాణం పోసుకుంది. ఊరికి తెలిసింది వేరు. కోడలి కడుపు పండాలని అత్త వెంకటనర్సమ్మ జాన్‌పహాడ్ దర్గా సైదులుకు మొక్కుకుంది, మొక్కు ఫలించింది, అంతే. పెళ్ళయిన ఎనిమిదేళ్ళు వందన ఎన్ని మాటలు పడిందో ఆమెకే తెలుసు. ఆ నోళ్ళు ఇన్నాళ్ళకు మూతపడ్డాయి, మళ్ళీ తెరిపించడం ఆమెకు ఇష్టం లేకపోయింది. అత్తకు కూడా చెప్పలేదు. మొక్కిన మనసు నొచ్చుకుంటుందేమోనని భయం.

ఉండి ఉండి మొన్న ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. వందన చేనుకు పోయింది. శ్యాంసుందర్ ఒక్కడే బండెక్కి మిర్యాలగూడ పరుగెత్తాడు. అక్కడ సుమిత్ర అనే కౌన్సెలర్ కూర్చోబెట్టి చెప్పింది. కోదాడ మనిషి, నిదానంగా మాట్లాడుతుంది. అప్పట్లో మీకు నాలుగు పిండాలు తయారయ్యాయి, ఒకటి మీ పాప అయింది, మిగతా మూడూ ఇంకా మా దగ్గర మంచులోనే ఉన్నాయి అంది. చట్టం ప్రకారం పదేళ్ళకు మించి ఉంచకూడదట. ఈ నెలాఖరుతో గడువు తీరిపోతుందట. తీసేసి వదిలేయనన్నా వదిలేయాలి, లేదా మీరిద్దరూ ఒప్పుకుంటే హైదరాబాద్‌లో మూలకణాల మీద పరిశోధన చేసేవాళ్ళకు ఇవ్వాలి. ఇంకొకరికి పిల్లలు పుట్టించడానికి ఇవ్వకూడదు, అమ్మడం అసలే కుదరదు.

ఆ మూలకణాలంటే ఏమిటో అర్థం కావడానికి ఆమె ఫోనులో ఒక వీడియో చూపించింది. ఎక్కడో ఎవరో ఇచ్చిన పిండం లోంచి తీసిన కణాలట. గాజు గిన్నెలో పెంచితే గుండె కణాలయ్యాయి. గుండె లేదు, మనిషి లేడు, గిన్నెలో పల్చటి పొర. ఆ పొర టకటకా కొట్టుకుంటోంది. అన్ని కణాలూ ఒక్క తాళానికి ఎగిరెగిరి పడుతున్నాయి. శ్యాంసుందర్‌కు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు, లేచి నిలబడి చూశాడు. ఇరవై ఏళ్ళుగా బండి వెనక మంచు మోస్తున్నాడు గానీ ఇలాంటిది పుట్టి బుద్ధెరిగి చూడలేదు. మీ ఆవిడను తీసుకురండి, ఇద్దరూ విని ఇద్దరూ సరేనంటేనే అని సుమిత్ర మళ్ళీ మళ్ళీ చెప్పింది. అతను తలూపాడు. వింటే కదా, చెవుల్లో ఆ టకటకే మోగుతోంది.

తిరుగుదారిలో వాడపల్లి రోడ్డు మీద ఫకీరా చాయ్ హోటల్ ఉంది. సిమెంటు లారీల డ్రైవర్లు, చేలకు పోయి వచ్చేవాళ్ళు, అందరూ ఆగేది అక్కడే. శ్యాంసుందర్ అక్కడ ఆగకుండా పోయుంటే ఈ కథే లేదు. ఆగాడు. గ్లాసు చేతికొచ్చిందో లేదో మొదలుపెట్టాడు. తన పిల్లలు ముగ్గురు మంచులో ఉన్నారు, వాళ్ళు గుండెలవుతారు, కళ్ళవుతారు, ఎవరి పాణమో నిలబెడతారు అని చేతులు తిప్పుతూ చెప్పాడు. సౌందర్య ఎట్లా పుట్టిందో కూడా ఆ ఊపులో జారిపోయింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, భార్యకు ఒక్క మాట చెప్పకముందే రోడ్డు మీద ముగ్గురినీ దానం చేసేశాడు.

అతను ఇల్లు చేరేసరికి కబురు ముందే చేరింది. వందన వాకిట్లో నిలబడి ఉంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"పదేండ్లు కడుపుల దాసుకున్న," అంది. "నువ్వు ఒక్క చాయ్‌కి ఊరందరికి పంచొచ్చినవ్."

శ్యాంసుందర్ తేలుకుట్టిన దొంగలా నిలబడి, మంచి పనే కదా అని గొణిగాడు. అవి చావవు, గిన్నెలో బతుకుతాయి, తన క్యానులో స్ట్రాలు బతికినట్టే అన్నాడు. అది అతని నమ్మకం. తనకు తెలిసిన మంచు అదొక్కటే మరి. వందన వినలేదు. అవి సౌందర్యకు తోడబుట్టినవి, వాటి గురించి లారీ డ్రైవర్లు మాట్లాడుకున్న తర్వాత తాను మాట్లాడేదేమీ లేదు, సంతకం పెట్టనంది. గడువు తీరితే తీరనీ, వాళ్ళే తీసేస్తారు అని లోపలికి పోయింది. శ్యాంసుందర్‌కు అప్పుడు భయం పట్టుకుంది. తను నోరు జారినందుకు ఆ మూడూ ఎవరికీ కాకుండా పోతాయా?

అప్పటిదాకా అరుగు మీద కూర్చుని అన్నీ వింటున్న వెంకటనర్సమ్మ కోడల్ని పిలిచింది. వందన మొక్కు సంగతి వచ్చిందనుకుంది.

"మొక్కు చెల్లలేదంటరా అత్తమ్మా?" అంది మెల్లగా.

"ఎందుకు చెల్లదే? నేను మొక్కిన, నువ్వు సూదులు పొడిపించుకున్నవ్. ఎవరి పని వాళ్ళు చేసినం. బిడ్డ వచ్చింది," అంది ముసలామె. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "నువ్వు గీడ కూసో."

ఆమె మొదలుపెట్టింది శ్యాంసుందర్‌కు తెలిసిన కథే. తండ్రి పాపయ్య ఎర్రజెండా మనిషి. నాలుగేళ్ళ కిందట పోతే దేహాన్ని సూర్యాపేట మెడికల్ కాలేజీకి ఇచ్చారు. చితి లేదు, బూడిద లేదు, అస్థికలు కలపడానికి వాడపల్లి సంగమం కూతవేటు దూరంలో ఉండీ కలిపేదేమీ లేదు. ఊరు నానా మాటలూ అంది. పాపయ్య తన దేహం ఇచ్చేస్తానని ఎప్పుడో సూర్యాపేట సభలో మైకు పట్టుకుని ప్రకటించాడు, జనం చప్పట్లు కొట్టారు. ఇదంతా ఇంట్లో గర్వంగా చెప్పుకునే కథ. కానీ ఆ సభలో వెనక వరసలో తన తల్లి కూర్చుని ఉందని, ఆ సంగతి ఆమె కూడా అందరితో పాటు మైకులోనే విన్నదని అతనికి తెలియదు.

"అడిగితే వద్దంటుంటినా?" అంది వెంకటనర్సమ్మ. "అనకపోదును. నన్ను అడగలె. మీ నాయిన మైకుల చెప్పిండు, నువ్వు చాయ్ హోటల్ల చెప్పినవ్. ఇంట్ల ఆడిదాన్ని అడిగే దినం మీ వంశంల లేదార?"

శ్యాంసుందర్ నోరు పెగల్లేదు. అతని జన్మలో అది పెద్ద వింతే. ఆ రాత్రి తిండి తినేప్పుడు కూడా మాట్లాడకపోతే సౌందర్య నాన్నకు జ్వరమొచ్చిందా అని అడిగింది. రెండు రోజులు ఇంట్లో ఎవరి పని వాళ్ళు చేసుకున్నారు. మూడోనాడు వందనే అంది, పోదాం, సంతకానికి కాదు, వినడానికి. నేనూ వస్తానని వెంకటనర్సమ్మ మంచి చీర కట్టుకుంది. మనవలు మంచులో ఉన్నారంటే ఏ నానమ్మ ఇంట్లో కూర్చుంటుంది?

సుమిత్ర ఆ ముసలామెకు కూడా కుర్చీ వేయించింది. మొదట్నుంచీ చెప్పింది. ఐదో రోజు పిండం ఇసుక రేణువంత కూడా ఉండదు. వంద, నూటయాభై కణాల బంతి. పై పొర బిడ్డకు తిండి అందించే మాయ అవుతుంది, లోపలి ముద్ద బిడ్డ అవుతుంది. ఆ లోపలి కణాలు ఇంకా ఏదీ కాలేదు కాబట్టి ఏదైనా కాగలవు, గుండె, నరం, కంటి పొర. అవే మూలకణాలు. వాటిని గిన్నెలో పెంచి, రోగాలు ఎలా వస్తాయో, మందులు ఎలా పనిచేస్తాయో నేర్చుకుంటారు. ఏ గర్భంలోనూ పెట్టరు. పిండాన్ని పధ్నాలుగు రోజులు దాటి పెంచరు. మనసు మారితే, వాడేలోపు వద్దని చెప్పొచ్చు.

వందన అన్నీ విని ఒక్కటే అడిగింది. "ఈయన అవి బతుకుతయ్ అంటున్నడు. నిజమేనా మేడం?"

సుమిత్ర చేతిలో కాగితాలు పక్కన పెట్టింది. "అబద్ధం చెప్పనండి. లోపలి కణాలు తీశాక ఆ పిండం ఇక ఉండదు. కణాలు పెరుగుతాయి, అదీ అన్నిసార్లూ కాదు. అది ప్రాణమే, తీయడం తప్పు అనేవాళ్ళున్నారు. అప్పటికి నరం కూడా పుట్టదు, నొప్పి తెలియదు, పారేసేకన్నా ఇదే మేలు అనేవాళ్ళూ ఉన్నారు. మీకు ఏది సరి అనిపిస్తే అదే చేయండి."

శ్యాంసుందర్ ముఖం పాలిపోయింది. తన క్యానులో స్ట్రా బయటికొస్తే దూడ పుడుతుంది. ఇక్కడ బయటికొస్తే పిండం ఉండదు. చాయ్ హోటల్లో అందరికీ తప్పు చెప్పాడు. ఇంట్లో భార్యకు ఇంకా పెద్ద తప్పు చెప్పాడు.

వాటిని చూడొచ్చా అని వందన అడిగింది. మంచులోంచి తీయరు గానీ అప్పటి ఫోటో ఉందని సుమిత్ర కంప్యూటరులో చూపించింది. నాలుగు గుండ్రటి బుడగలు, పక్కపక్కనే. మా సౌందర్య ఏది అంది వందన, చెప్పకండి నేనే చెప్తా అని దగ్గరికి జరిగింది. చాలాసేపు చూసి, ఎడమ పక్కదాని మీద వేలు పెట్టింది. తల్లి కదా, గుర్తుపట్టకుండా ఉంటుందా?

అది కాదు. కింద రాసిన గుర్తు చూసి సుమిత్ర తల అడ్డంగా ఊపింది. సౌందర్య మూడోది. వందన చేయి వెనక్కి తీసుకుని కళ్ళొత్తుకుంది. ఆ మూడోది ఈపాటికి బడిలో లెక్కలు చేస్తూ ఉంటుంది. తను వేలు పెట్టింది మంచులో ఉంది. రెండింటికీ తేడా లేదు. ఇస్తే ఏమిచ్చినట్టో ఆమెకు అప్పుడు పూర్తిగా తెలిసింది.

శ్యాంసుందర్ కుర్చీ ఆమె వైపు తిప్పుకున్నాడు.

"వందనా, నాకు తెల్వక చెప్పిన. ఇప్పుడు అడుగుతున్న. ఇద్దామా, వద్దా? వద్దంటే వద్దు, ఇంటికి పోదాం. నేను ఒక్క మాటనను."

వందన అతన్ని ఎగాదిగా చూసింది. తర్వాత అత్తను అడిగింది, మామను ఇచ్చినాక ఎట్లా అనిపించిందని. వెంకటనర్సమ్మ చీర కొంగు సర్దుకుంది. చాన్నాళ్ళు ఏడ్చానంది. ఏడాది తర్వాత కాలేజీవాళ్ళు పిలిస్తే పోయిందట. అక్కడ చదివే ఒక పిల్ల వచ్చి కాళ్ళకు మొక్కి, గుండె ఎట్లుంటదో తాత దగ్గరే నేర్చుకున్నమ్మా అందట. "ఇగ ఆ దినం నుంచి మీ మామ సచ్చిండని అనను. సదువుకిచ్చినం అంట."

వందన పెన్ను అడిగింది. సంతకం పెట్టి, కాగితం మొగుడి సంతకానికి జరిపి, ఆ కొట్టుకునే వీడియో నాకూ చూపించండి మేడం అంది. గిన్నెలో పొర టకటకా ఎగిరింది. చూస్తూ చూస్తూ ఆమె ముఖం విప్పారింది, చేయి తెలియకుండానే తన గుండె మీదికి పోయింది. అత్తమ్మా సూడు, సూడు అని ఫోను ముసలామె కళ్ళ దగ్గర పెట్టింది. ఎవరి బిడ్డో గానీ గట్టి పాణం అంది వెంకటనర్సమ్మ. ముగ్గురూ ఆ చిన్న తెర మీదికి వంగి, అయిపోతే మళ్ళీ పెట్టించుకున్నారు.

తిరుగు ఆటో ఫకీరా హోటల్ దగ్గర ఆగింది. బల్లల మీద జనం నిండుగా ఉన్నారు. డాక్టర్ సాబ్, నీ గుండెలు ఏమాయె అని ఎవరో కేకేశారు, పకపకా నవ్వులు. శ్యాంసుందర్ ఆటోలోంచి దిగలేదు. కడుపులో మాట ఉడికిపోతోంది పాపం, కానీ భార్య వైపు చూశాడు.

"చెప్పనా?" అన్నాడు.

"నేను చెప్త," అంది వందన.

కొంగు నడుముకు చుట్టుకుని దిగింది. పదేళ్ళు ఈ హోటల్ ముందు నుంచి తల వంచుకుని పోయిన మనిషి, సరిగ్గా బల్లల నడిమికి వచ్చి నిలబడింది. నవ్వులు ఆగిపోయాయి.

"మా సౌందర్య మిర్యాలగూడ దవాఖానల గిన్నెల పెరిగిన పిల్లనే. దాసేది ఏం లేదు," అంది. "మా మామను సూర్యాపేటల సదువుకిచ్చినం. మా పిల్ల తోడబుట్టినోళ్ళు ముగ్గురుండె. వాళ్ళను గూడ ఇయ్యాల సదువుకిచ్చినం. నన్ను అడిగిర్రు, నేను ఇచ్చిన. ఫకీరా అన్నా, మూడు చాయ్ పొయ్యి. మా ఆయనకు జర చక్కెర ఎక్కువెయ్యి. పొద్దటి సంది నోరు మూసుకుని ఉన్నడు."