బాపు వేళ్లు, నా ఊపిరి

క్లారినెట్ ఊదాలంటే పై పళ్లు గట్టిగా ఉండాలి. అవి మౌత్‌పీస్ మీద ఆనితేనే స్వరం నిలుస్తుంది. పోయినేడు నారాయణగూడలో పళ్ల డాక్టరమ్మ మా బాపు ముందరి పళ్లు తీసేసి కట్టుడు పళ్లు పెట్టింది. అన్నం తినడానికి బాగానే ఉన్నాయి. క్లారినెట్ పట్టగానే జారిపోతున్నాయి.

మా ఇంట్లో ఇది మామూలు దెబ్బ కాదు. పెళ్లి బ్యాండులో ఊదిన తాత, అంటే బాపు వాళ్ల నాన్న, మీటల క్లారినెట్‌లో గమకం పలకడం లేదని కొన్ని మీటలు పీకేసి, రంధ్రాలను ఆకురాయితో పెద్దవి చేశాడు. వాటి మీద వేలు మెల్లగా జరిగితే స్వరమూ జరుగుతుంది. బాపు దాన్ని పిల్లల చేతులకు అందేలా ఇంకా సవరించి, చిక్కడపల్లిలోని మా ముందుగదిలో ఎందరికో నేర్పాడు. ఆయన నోటితో చెప్పేది తక్కువ, ఊది వినిపించేదే ఎక్కువ. ఇప్పుడు అదే పోయింది.

పళ్లకు రబ్బరు ముక్క అంటించి చూశాడు. కీచుమంది.

"కుక్కర్ విజిల్ నయం," అని అమ్మ నవ్వించబోయింది. ఆయన నవ్వలేదు.

"ఇగ పిల్లలకు నువ్వే చెప్పు," అని నాకు అప్పగించి, వెనకగదిలో క్లారినెట్ల రిపేరు పనికి కూర్చున్నాడు. నేను తప్పు ఊదితే అక్కణ్నుంచి దగ్గు వినిపించేది. నాకు ఒళ్లు మండేది. దగ్గు వినబడని రోజు మాత్రం భయమేసేది.

మొన్న వానకు అశోక్‌నగర్ హాస్టల్ పిల్లలు పాఠానికి రాలేదు. పాఠాల క్లారినెట్‌కు మిగిలిన మీటల కింద, గాలి పోకుండా, బాపు కొత్త మెత్తలు వేసి నన్ను పిలిచాడు.

"ఇది జర ఊదు. గాలి యాడ పోతుందో చూడాలె."

స్టూలు మీద కూర్చుని ఊదాను. ఆయన వెనక నిలబడి, నా భుజాల మీదుగా చేతులు చాచి రంధ్రాలు మూశాడు. గాలి ఎక్కడా పోవడం లేదు. ఇక వేళ్లు తీసేస్తాడనుకున్నాను. తీయలేదు. ఆనందభైరవి మొదలుపెట్టాడు.

ఊపిరి నాది, రాగం ఆయనది. ఏడాదిగా మా ఇంట్లో వినబడని గమకం నా నోటి నుంచి వస్తోంది. నాకైతే అది ఈ జన్మలో పలకదు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఇంతలో నాకు ఊపిరి చాల్లేదు. నేను ఆగినా ఆయన వేళ్లు రంధ్రాల మీది నుంచి కదలలేదు.

"తీస్కో బిడ్డా, నిమ్మళంగ. నేను ఈడ్నే ఉన్న."

మళ్లీ ఊదాను. రాగం ముగిశాక, నా వైపు చూడకుండా క్లారినెట్ తుడుస్తూ, "రేపు గూడ జర ఊదుతవా?" అన్నాడు.

ఎన్నడూ ఎవరినీ ఏదీ అడగని మనిషి. నాకు ఏడుపొచ్చింది. ఊదుతానని తలూపాను.