రెండు వేళ్ల పలకరింపు

లోర్నా స్కూలు బస్సు నడిపినన్నాళ్లూ పిల్లలు ఆమెని నత్తమ్మ అనే పిలిచారు. బోర్డు మీద రాసిన స్పీడు కంటే కాస్త తక్కువే తప్ప ఎక్కువ పోయిన పాపాన పోలేదు. తాడుని చూసి పామనుకునే మనిషి. అలాంటిదానికి దేవుడు వెర్నన్‌ని అంటగట్టాడు. జిప్సం గనిలో ఇల్లంత లారీని కొండ అంచు దాకా వెనక్కి నడిపి, దిగి, ఈల వేసుకుంటూ కాఫీ తాగే రకం. పెళ్లికి ముందే అతనికి మోటార్ సైకిలుంది. పెళ్లయ్యాక ఆమె దాని వెనక సీటుకి అతుక్కుపోయింది. ఇష్టమై కాదు. వాణ్ని ఒక్కణ్నీ పోనిస్తే ఇంట్లో కూర్చుని హడలి చావాలి. వెనక కూర్చుంటే ఏం జరుగుతోందో కళ్లారా చూడొచ్చు కదా అని.

హెల్మెట్లు పెట్టుకున్నాక మాట వినబడదు కాబట్టి భుజమే వాళ్లకి భాష. ఒకసారి తడితే దాహం, రెండుసార్లు తడితే ఎక్కడైనా ఆపు అని. పిండితే మాత్రం, భయమేస్తోంది మెల్లగా పోనీ అని. ఈ మూడోదే ఎక్కువ వాడింది లోర్నా. "నిమ్మకాయని కూడా ఎవరూ ఇంతలా పిండరే బాబూ" అనేవాడు వెర్నన్. అంటూనే వేగం తగ్గించేవాడు. అది మాత్రం ఏనాడూ కాదనలేదు.

మా ఎడారి దారుల్లో ఇంకో పద్ధతుంది. ఎదురుగా మోటార్ సైకిలు వస్తే ఎడమ చెయ్యి కిందికి దించి రెండు వేళ్లు చూపిస్తారు. వాడెవడో తెలియక్కర్లేదు. రెండు చక్రాలూ నేల మీదే ఉండుగాక అని దీవెన. వెనక కూర్చున్నవాళ్లు చెయ్యకూడదు, అది నడిపేవాడి హక్కు. వెర్నన్ ఈ విషయంలో మహా పట్టింపు మనిషి. పెళ్లాం పుట్టినరోజు మర్చిపోయాడు గానీ ఆ రెండు వేళ్లు మర్చిపోయింది లేదు. ఒకసారి వానలో చెయ్యి తీస్తే బండి జారుతుందని లోర్నా మొత్తుకున్నా తీశాడు.

అలాంటివాడు, ఈ ఏడు కొండ మీది పండక్కి బయల్దేరిన పొద్దున ఒక గుంపు ఎదురైతే చెయ్యి కదపలేదు. డజను బళ్లయినా ఉంటాయి. ఒకడి తరవాత ఒకడు వేళ్లు దించుతూ పోయారు. వెర్నన్ చెయ్యి హ్యాండిల్ మీదే ఉంది. చివరివాడు తల తిప్పి మరీ చూశాడు. లోర్నాకి సిగ్గేసింది. రాత్రి తనతో పడ్డ చిన్న గొడవకి లోకం మీద అలిగాడేమో అనుకుంది. అక్కడే పొరపడింది ఆ పిచ్చి తల్లి.

మధ్యాహ్నం ఎండ ముదిరేసరికి టామరిస్క్ వెల్స్ అనే ఊళ్లో ఆగారు. ఏటా ఆగేదే. కొండ మీద చర్చి ముంగిట ఫాదర్ బళ్ల మీద నీళ్లు చల్లి దీవిస్తాడు. ఆ పండక్కి పోయేవాళ్లంతా ఎండ పొద్దు ఇక్కడే గడిపి, సూర్యుడు వాలాక కొండెక్కుతారు. చలికాలమంతా వేడినీళ్ల కొలనుల్లో నానే ముసలాళ్లతో కిటకిటలాడే ఊరు, మే నెల రాగానే ఖాళీ అయిపోయింది. నీళ్లు కదలని కొలను పక్కన వరసగా ఖాళీ కుర్చీలు. అద్దాలకి అట్టలు కట్టిన దుకాణాలు. ఎక్కడా మనిషి అలికిడి లేదు.

మిసెస్ ఓచోవా మోటెల్ మాత్రం తెరిచే ఉంది. ఆమెకి ఎనభై దాటాయి. అందరూ ఆమెకి పిల్లలే.

"వచ్చావా నాయనా? నీ పెళ్లాం ఇంకా నిన్ను వదల్లేదా?" అంది.

"వదిలితే నీ దగ్గరికే వస్తానని భయం" అన్నాడు వెర్నన్. అంటూ లోపలికి రాబోయి ఎడమ భుజం గుమ్మానికి ఠపీమని కొట్టుకున్నాడు. "ఈ గుమ్మాన్ని ఎప్పుడు ఇరుకు చేయించావు?"

ఓచోవా నవ్వింది. లోర్నా కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

కంచంలో ఒకవైపు బీన్సూ గుడ్లూ, రెండోవైపు వేయించిన బంగాళాదుంపలూ పెట్టి తెచ్చింది ఓచోవా. వెర్నన్ ఆవురావురుమంటూ తిన్నాడు. మూతి తుడుచుకుని, "ఈ ఏడు దుంపలు ఎగ్గొట్టావేం? పిసినారితనం వచ్చిందా?" అన్నాడు.

"కళ్లెదురుగా పెట్టుకుని ఏం హాస్యాలయ్యా" అంది ఓచోవా.

కంచం మధ్యలో గీత గీసినట్టు కుడివైపంతా శుభ్రంగా ఉంది. ఎడమవైపు దుంపలు ముట్టుకోలేదు. వెర్నన్ హాస్యమాడటం లేదు. అతని ముఖం నిజంగానే చిన్నబోయి ఉంది, దుంపలు పెట్టలేదని.

లోర్నా కంచాన్నీ అతని ముఖాన్నీ మార్చి మార్చి చూసింది.

మెల్లగా అడిగింది. "పొద్దున ఆ గుంపుకి చెయ్యెందుకు చూపించలేదు?"

"ఏ గుంపు?"

"ఉప్పు మైదానం దాటాక వచ్చిన గుంపు."

"నీకు ఎండదెబ్బ తగిలింది పిల్లా. పొద్దుట్నించీ ఒక్క బండి ఎదురైతే ఒట్టు. దారంతా మనదేనని నేను సంబరపడుతుంటే."

సంబరపడ్డాడట. డజను బళ్లు మోకాలికి జానెడు దూరంలో పోతుంటే సంబరపడ్డాడట. లోర్నా బల్ల అంచు పట్టుకుంది. మా వైపు బళ్లు రోడ్డుకి కుడి పక్కన పోతాయి, ఎదురొచ్చేవన్నీ ఎడమవైపు నుంచే వస్తాయి. సాయంత్రం ఎక్కబోయే కొండదారి పాము మెలికలు. ఆ మెలికల్లో సరుకు లారీలు ఎడమ నుంచే దిగుతాయి. మలుపులో ఒకడు గీత దాటాడంటే ఇక చెప్పేదేముంది.

"ఈ రాత్రి ఇక్కడే ఉందాం. నాకు నలతగా ఉంది" అంది.

"ఏటా ఇక్కడికి రాగానే నీకు నలతే. ఏటా కొండెక్కగానే తగ్గుతుంది" అని నవ్వి, తాళంచెవి బల్ల మీద పడేసి, కొలను పక్కన నీడలో కుర్చీ వాల్చుకుని కళ్లు మూశాడు. "ఎండ తగ్గగానే లేపు."

ఓచోవా పళ్లేలు తీస్తూ, "ఏమైందే? పాలిపోయావు" అంది.

లోర్నా చెప్పింది. చిన్నప్పుడు తుపాకి మోతకి మంచం కింద దూరినప్పుడు కూడా ఇంత భయపడలేదు.

"మరి ఆ ముక్క అతనికే చెప్పు!"

"నేను ఎన్నిసార్లు భయపడ్డానో ఆయనకి లెక్కే లేదు. ఎప్పుడూ ఏమీ జరగలేదు. ఇప్పుడు నమ్ముతాడా?"

నాన్నా పులి కథే అయింది ఆమె బతుకు. భయపడీ భయపడీ, తీరా నిజంగా భయపడాల్సిన రోజున ఆ భయానికి విలువ లేకుండా చేసుకుంది. ఇంకోటీ ఉంది. గని మూసేశారు, లారీల మోతకి వినికిడి సగం పోయింది, వెర్నన్‌కి మిగిలింది ఆ బండొక్కటే. అది కూడా లాక్కున్న చెయ్యి తనదే కావాలా?

తాళంచెవి కొలనులో పడేద్దామా అనుకుంది. పడేస్తే తిడతాడు, దూకి తెచ్చుకుంటాడు. ఆ నీళ్లకేసి చూస్తుంటే గుర్తొచ్చింది. బస్సు డ్రైవర్లకి ఏటా కంటి పరీక్ష. ఎదురుగా గోడ మీద చుక్కనే చూస్తుండమని చెప్పి, పక్క నుంచి డాక్టరు వేలు తెస్తాడు. కనబడగానే చెప్పాలి.

కుర్చీ తీసుకెళ్లి వెర్నన్‌కి ఎడమ పక్కన వేసుకుంది. తాళంచెవి అరచేతిలో పెట్టుకుని కూర్చుంది. నీడ పొడుగవుతున్న కొద్దీ ఆమె లోలోపలే మొక్కుకుంది. దేవుడా, తాళంచెవి చాపగానే చూసి లాక్కోవాలి. లాక్కుని, ఏంటే ఈ పిచ్చి చేష్టలని తిట్టాలి. పోయి కొండెక్కుదాం, నేనే పిచ్చిదాన్ని కావాలి.

వెర్నన్ కళ్లు తెరిచాడు. ఒళ్లు విరుచుకున్నాడు.

"బయల్దేరదామా? తాళంచెవేదీ?"

"ఇదిగో." చెయ్యి చాపింది.

అతను ఎదురుగా చూశాడు. కుడివైపు చూశాడు. జేబులు తడుముకున్నాడు.

"ఏదీ?"

"నా చేతిలో ఉంది వెర్న్."

"నువ్వెక్కడున్నావే? ఆటలాడకు."

"నీ పక్కనే ఉన్నాను. నా మోకాలు నీ మోకాలికి తగులుతోంది చూడు."

అప్పుడు తిప్పాడు తల. చాలాసేపు తిప్పాడు. చివరికి ఆమె ముఖం కనబడింది, చాచిన చెయ్యి కనబడింది, చేతిలో తాళంచెవి కనబడింది. అంతసేపూ అవి అక్కడే ఉన్నాయని అతనికి అర్థమైంది. వెర్నన్ భయపడితే ముఖం ఎలా ఉంటుందో లోర్నా చూడటం అదే మొదలు.

"ఆ గుంపు... నిజంగానే వచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది."

ఓచోవా ఆస్పత్రికి ఫోన్ చేసింది. మెదడులో రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, ఆలస్యం చెయ్యొద్దన్నారు. అంబులెన్సు లోయ అవతలి నుంచి రావాలట. "అది వచ్చేలోగా నువ్వే అక్కడుంటావు, పో" అని తన పాత పికప్ బండి తాళాలు లోర్నా చేతిలో పెట్టింది.

వెర్నన్ పక్క సీట్లో కూర్చున్నాడు. నడిపే సీటు ఎడమవైపు, కాబట్టి లోర్నా అతనికి కనబడదు. దీవెనకి పోయే బళ్లు కొన్ని అప్పుడే ఊళ్లోకి వస్తున్నాయి.

"ఎదురుగా ఎవరైనా వస్తున్నారా?"

"వస్తున్నారు."

"చెయ్యి చూపించు."

"నేను చూపించకూడదుగా?"

"ఇప్పుడు నడిపేది నువ్వే కదే."

లోర్నా కిటికీలోంచి ఎడమ చెయ్యి కిందికి దించి రెండు వేళ్లు చూపించింది. అవతలివాడూ చూపించాడు.

ఊరు దాటాక వెర్నన్ చెయ్యి గాల్లో తడుముకుంటూ వచ్చి ఆమె భుజాన్ని దొరకబుచ్చుకుంది. గట్టిగా పిండింది. ఆ మాటకి అర్థం ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమె ఎన్నిసార్లు అడిగితే అతను అన్నిసార్లూ విన్నాడు. అతను అడగటం ఇదే మొదటిసారి.

"విన్నాను వెర్న్. కానీ ఈసారికి ఒప్పుకోను" అంది లోర్నా. ఏడుస్తూనే స్పీడు పెంచింది.