సంపు మూత తీసి ఉన్న రోజు

ఎవరైనా దయ్యాల ముచ్చట ఎత్తితే నేను లేచి టీ పెట్టుకోవడానికి వెళ్లిపోయేదాన్ని. భయమై కాదు, విసుగు. మా ఇంట్లో అలాంటి మాటలకు చోటు లేదు. నాయిన ఆదివారం తప్పకుండా చర్చికి పోయే మనిషి. దేవుడున్న చోట అవి ఉండవని ఒక్క మాటతో తేల్చేసేవాడు. నా ఉద్యోగం కూడా అలాంటిదే. ఏదైనా ఆగిపోతే దానికి కారణం ఎక్కడో ఒక చోట ఉంటుంది, ఓపికగా వెతికితే దొరుకుతుంది. ఇప్పటికీ చాలావరకు అదే నమ్ముతాను. ఈ ఒక్క సంగతి దగ్గర మాత్రం ఆగిపోతాను.

కరోనా తర్వాత హైదరాబాదులోని ఒక చిన్న కంపెనీలో చేరాను. ఇంటి నుంచే పని, కాబట్టి దేవరకొండలో మా ఇంట్లోనే ఒక గది ఖాళీ చేసుకుని కూర్చునేదాన్ని. ఊళ్లకు నది నీళ్లు పంపే చోట వాల్వులను, మోటార్లను దూరం నుంచి నడిపే ప్రోగ్రాం మా కంపెనీది. మర్రిగూడ దిక్కు మా పెద్దమ్మ ఉంటుంది. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు తాగి తాగి ఆమె మోకాళ్లు ముప్పై ఏళ్లకే వంగిపోయాయి. అందుకే ఈ ఉద్యోగం వచ్చినప్పుడు ఇంట్లో అందరికంటే ఎక్కువ సంబరపడింది ఆమెనే.

నా పని ఏమిటో కొంచెం చెప్పాలి. ప్రోగ్రాం రాసేవాళ్లు కొత్త కోడ్ పంపగానే దాన్ని పరీక్షించడం, మూట కట్టడం, ఊళ్లలో ఉన్న కంట్రోల్ పెట్టెలకు చేర్చడం మనిషి చెయ్యి తగలకుండా దానంతట అదే జరిగిపోవాలి. జెంకిన్స్, డాకర్ లాంటి సాధనాలతో ఆ వరుస మొత్తాన్ని కట్టేది నేను. ఆ వరుసను మా దగ్గర పైప్‌లైన్ అంటారు. నాయిన చాలా రోజులు నేను నిజం పైపుల పనే చేస్తున్నాననుకుని వాడకట్టులో అందరికీ అలాగే చెప్పాడు.

స్క్రీన్ మీద ఒక్కో మెట్టుకు ఒక్కో డబ్బా కనిపిస్తుంది. పని సక్రమంగా జరిగితే పచ్చగా, లేకపోతే ఎర్రగా మారుతుంది. అన్నీ పచ్చబడ్డాక చివర ఒక్క బటన్ మాత్రం మనిషి కోసం ఉంచాం. అది నొక్కితేనే కొత్త ప్రోగ్రాం ఊళ్లలోని పెట్టెల్లోకి ఎక్కుతుంది.

ఆ రోజు ఎండాకాలం, పొద్దున్నే వడగాలి మొదలైంది. కొత్త వెర్షన్ ఎక్కించాల్సిన రోజు. నీళ్ల శాఖ ఆఫీసర్ల ముందు మా మేనేజర్ ప్రవీణ్ గారు అది నడిపి చూపించాలి. ఆయనది గుంటూరు వైపు, మంచివాడే కానీ ఒత్తిడిలో ఉంటే గొంతు మారిపోతుంది. టీమంతా ఆన్‌లైన్ కాల్‌లో ఉన్నాం. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉన్నాను. డబ్బాలన్నీ ఒకటొకటిగా పచ్చబడ్డాయి. బటన్ వచ్చింది.

మౌస్ దాని మీదికి తెచ్చాను. అప్పుడు వినపడింది.

"జర ఆగు బిడ్డా. లోపట మనుషులున్నరు."

ముసలామె గొంతు. అరవలేదు, బతిమాలనూ లేదు. పక్కింటి మనిషి గడపలో నిలబడి చెప్పినట్టు చెప్పింది. కానీ ఆ మాట చుట్టూ ఒక మోత ఉంది. ఖాళీ బిందెలో నోరు పెట్టి మాట్లాడితే ఎలా ఉంటుందో, అలా.

"ఎవరు?" అన్నాను పైకే.

"ఏంటమ్మా సంధ్యా? ఏమైంది?" అన్నారు ప్రవీణ్ గారు.

ఎవరో మాట్లాడారని చెప్పాను. ఎవరూ మాట్లాడలేదన్నారు. స్క్రీన్ మీద చూశాను. ఆయన, నేను తప్ప అందరి మైకులూ మూసే ఉన్నాయి. హెడ్‌ఫోన్లు తీసి గది తలుపు తెరిచాను. అమ్మ బడికి పోయింది, అక్కడ వంట చేస్తుంది. నాయిన కూలీలను తీసుకుని పత్తి చేను దున్నించడానికి పోయాడు. ఇంట్లో ఎవరూ లేరు. వాకిట్లో ఎండ తప్ప ఏమీ లేదు.

తిరిగి వచ్చి కూర్చుని మౌస్ పక్కకు జరిపాను.

"సార్, ఒకసారి ఆపరేటర్లందరికీ ఫోన్ చేసి అడుగుతా. సంపుల్లో ఎవరైనా ఉన్నారేమో," అన్నాను.

"పరీక్షలన్నీ పాసయ్యాయిగా! ఇవాళ క్లీనింగ్ ఏ ఊళ్లోనూ లేదు. అవతల పెద్దోళ్లు కూర్చుని ఉన్నారమ్మా."

ఆయన చెప్పింది నిజమే. సంపు అంటే భూమిలో కట్టిన నీళ్ల తొట్టి. అది కడిగే రోజులు ముందే అనుకుని ఉంటాయి, ఆ రోజు ఎక్కడా లేదు. అయినా ఫోన్లు చేశాను. ప్రవీణ్ గారు కాల్‌లోనే నిట్టూరుస్తూ ఉన్నారు. ఊళ్లలో సంపులు, మోటార్లు చూసుకునే ఆపరేటర్లందరూ ఎత్తారు, ఒక్క నారాయణ తప్ప. మళ్లీ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. అతను చూసుకునే సంపు మర్రిగూడ పోయే దారిలోనే, మా ఇంటికి అన్నింటికంటే దగ్గరది.

"నేను పోయి చూసి వస్తా. నేను చెప్పేదాకా నొక్కకండి సార్."

"సంధ్యా, ఇది సీరియస్ అవుతుంది, చెబుతున్నా."

అప్పటికి నా ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. ఆ మాట విన్నాక కూడా స్కూటీ తాళం తీసుకుని ఎలా బయటపడ్డానో నాకే తెలియదు. దారంతా నన్ను నేను తిట్టుకున్నాను. వడదెబ్బ తగిలి చెవులు మోగుతున్నాయేమో అనుకున్నాను. మొహానికి చున్నీ చుట్టుకున్నా వేడిగాలి కొడుతూనే ఉంది. అక్కడ ఎవరూ ఉండొద్దని కోరుకున్నాను. ఉంటే ఏమిటో ఆలోచించడానికి ధైర్యం చాలలేదు.

మోటారు గది ముందు ఒక బండి ఆపి ఉంది. దాని సంచిలో ఫోన్ మోగుతోంది. నా ఫోన్ నుంచి కాదు, ఆఫీసు నుంచి ఇంకెవరో చేస్తున్నట్టున్నారు. గది వెనక సంపు మూత తీసి పక్కన పెట్టి ఉంది.

దగ్గరికి పోయేసరికి లోపలి నుంచి చీపుర్ల చప్పుడు వినపడింది. వంగి చూశాను. అడుగున చీలమండల లోతు మురికి నీళ్లలో ఒక మగమనిషి, ఒక ఆడమనిషి గోడలు రుద్దుతున్నారు. నారాయణ, అతని భార్య పుల్లమ్మ.

"జల్ది పైకి రాండ్రి! జల్ది!"

"ఎవరమ్మా నువ్వు?" నారాయణ తలెత్తాడు.

"కంపెనీకెల్లి వచ్చిన. ముందుగాల పైకి రాండ్రి."

"పానెల్ మీద వాల్వు బందు పెట్టే దిగినం మేడం. ఏం ఫికర్ లేదు. నీళ్లు వాసనొస్తున్నయని ఊళ్లె లొల్లి వెడితే కడుగుతున్నం."

"దండం పెడతా, రాండ్రి," అన్నాను. నా మొహం చూసి పుల్లమ్మ చీపురు కింద పడేసి నిచ్చెన పట్టుకుంది. ఆమె వెనక అతను. ఇద్దరి పాదాలూ గట్టు మీదికి వచ్చేదాకా నేను నిచ్చెన పై కొస పట్టుకునే ఉన్నాను.

తర్వాత సిగ్గుపడ్డాను. గదిలోకి పోయి పానెల్ మీది స్విచ్చు చూశాను. నారాయణ చెప్పినట్టే వాల్వు బందు పెట్టి ఉంది. చేత్తో బందు పెడితే మా ప్రోగ్రాం దాన్ని తెరవకూడదు. ఇన్నాళ్లూ అలాగే నడిచింది. అనవసరంగా అందరినీ హైరానా పెట్టానని అనుకుంటూ ప్రవీణ్ గారికి ఫోన్ చేశాను. ఇద్దరు లోపల ఉన్నారని, బయటికి వచ్చేశారని చెప్పాను. "నొక్కనా?" అని ఆయన మెల్లగా అడిగారు.

"నొక్కండి సార్."

మేం ముగ్గురం సంపు దగ్గరే నిలబడ్డాం. కాసేపు ఏమీ కాలేదు. ఆ తర్వాత గదిలో టక్కుమని ఒక చప్పుడైంది. బందు పెట్టిన వాల్వు తనంతట తాను తిరగడం మొదలుపెట్టింది. పెద్ద పైపు గుర్రుమంది. మరుక్షణం నీళ్లు సంపులోకి ఎగదన్నుకుంటూ వచ్చి ఎదురు గోడకు కొట్టాయి. నిచ్చెన ఉన్నది ఆ గోడకే. అది ఒక్కసారి లేచి, పక్కకు తిరిగి, నీళ్లలో పడిపోయింది. పుల్లమ్మ పడేసిన చీపురు సుడిలో గిరగిరా తిరుగుతూ పైకి వస్తోంది.

నారాయణ పరుగెత్తి మెయిన్ స్విచ్చు గుంజేశాడు. వాల్వు సగంలో ఆగింది.

పుల్లమ్మ తిరుగుతున్న చీపురునే చూస్తూ ఉంది. "నాకు ఈత రాదు," అంది. ఎవరితో అన్నదో తెలియదు. కాసేపటికి మళ్లీ అదే మాట అంది.

వాల్వు ఎందుకు తెరుచుకుందో ఆ వారంలోనే తేలింది. కొత్త వెర్షన్ ఎక్కగానే పెట్టె ఒకసారి ఆగి మొదలవుతుంది. అలా మొదలైనప్పుడు చేత్తో బందు పెట్టిన సంగతి మరిచిపోయి, వాల్వు పని చేస్తుందో లేదో చూసుకోవడానికి తెరుస్తోంది. ఆఫీసులో పరీక్షలకు వాడే పెట్టెకు చేతి స్విచ్చే లేదు. అందుకే పరీక్షలన్నీ పాసయ్యాయి, డబ్బాలన్నీ పచ్చగా వచ్చాయి. సాధనాలు మేం అడగమన్నదే అడిగాయి. ఈ సంగతి అడగాలని మాకెవరికీ తోచలేదు. తప్పు దొరికింది, సరిచేశాం. అక్కడిదాకా నాకు అంతా అర్థమవుతుంది.

ఆ గొంతు సంగతే అర్థం కాదు.

ఆ రోజు గది నీడలో కూర్చుని నీళ్లు తాగుతూ పుల్లమ్మను అడిగాను, లోపలి నుంచి ఏమైనా అరిచావా అని. లేదంది. ఆమెకు ముప్పై దాటి ఉండవు, సన్నని గొంతు. నేను విన్నది ముసలి గొంతు. ఆ సంపు నుంచి మా ఇంటికి ఏ అరుపూ వినపడదు కూడా. విన్నది విన్నట్టు ఆమెకు చెప్పాను. ఆ మాటలు అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, మొగుడి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"లోపట మేమిద్దరమే ఉంటిమి మేడం. గని చీపురు సప్పుడు మూడు దిక్కులకెల్లి ఇనొచ్చింది. ఈయనకు చెప్తే నవ్విండు."

"సంపుల గట్లనే ఉంటది. సప్పుడు గోడకు కొట్టి మర్ల వస్తది," అన్నాడు నారాయణ. కానీ నవ్వలేదు.

నేను తేల్చుకోకుండా వదలలేదు. మా కాల్ మొత్తం రికార్డవుతుంది. దాన్ని తెప్పించుకుని విన్నాను. ప్రవీణ్ గారి మాటలున్నాయి, నేను "ఎవరు?" అనడం ఉంది. దానికి ముందు ఏమీ లేదు, నా గదిలో ఫ్యాన్ తిరిగే చప్పుడు తప్ప. ఎవరింట్లోనైనా టీవీ మోగిందేమోనని టీమ్‌లో అందర్నీ అడిగాను. డాక్టరు దగ్గరికి పోయి చెవులు చూపించుకున్నాను. బాగానే ఉన్నాయన్నాడు. నా మనసే ఏదో ఊహించిందని అనుకోవడానికి కూడా చూశాను. కానీ ఊళ్లో వాసన గొడవ నాకు తెలియదు, సంపు కడుగుతున్నారని తెలియదు, ప్రోగ్రాంలో తప్పుందని తెలియదు. తెలియనిదాన్ని మనసు ఎలా ఊహిస్తుంది?

నాయినకు కూడా చెప్పాను. "దేవుడు పంపిండనుకో బిడ్డా," అన్నాడు. అనుకోవాలని ప్రయత్నించాను. కానీ ఆ గొంతులో దేవుడి సంగతి ఏమీ లేదు. పని మధ్యలో ఉన్న మనిషి గొంతు అది. మా అవ్వది కాదు, పెద్దమ్మది కాదు, నేను ఎరిగిన ఎవరిదీ కాదు.

మరుసటి ఏడాది ప్రవీణ్ గారు వేరే కంపెనీకి వెళ్లిపోయారు. వెళ్లే ముందు ఫోన్ చేశారు. అవీ ఇవీ మాట్లాడాక, "ఒక మాట చెప్పాలమ్మా. ఇన్నాళ్లూ చెప్పలేకపోయాను," అన్నారు.

నేను స్కూటీ మీద బయలుదేరగానే ఆయనకు కోపం వచ్చిందట. ఆఫీసర్లు గడియారం చూస్తున్నారు. ఆయనకూ అనుమతి ఉంది కాబట్టి ఆ బటన్ తానే నొక్కారట.

"నొక్కాను సంధ్యా. ఒకసారి కాదు. పేజీ మూసి, మళ్లీ తెరిచి నొక్కాను. అది అలాగే ఎదురుచూస్తూ ఉండిపోయింది. నువ్వు అక్కడి నుంచి ఫోన్ చేశాక అదే బటన్ మొదటిసారికే పని చేసింది."

నెట్ ఆగి ఉంటుంది సార్ అన్నాను. ఆ సమయంలో మిగతా పనులన్నీ అదే నెట్ మీద నడిచాయని ఇద్దరికీ తెలుసు. "అయ్యుండొచ్చులే," అన్నారాయన. అప్పుడు ఆయన ఏడుస్తున్నారని నాకు అర్థమైంది.

నేను ఇంకా ఆ పనే చేస్తున్నాను. ఇప్పుడు ఏ సంపులో ఎవరు దిగినా ముందు నాకు ఫోన్ వస్తుంది, ఎక్కాక మళ్లీ వస్తుంది. ఆ తర్వాతే బటన్ నొక్కుతాను. ఇదంతా యంత్రానికే అప్పగించొచ్చు కదా అని కొత్తగా చేరినవాళ్లు అడుగుతుంటారు. వాల్వు సంగతి చెబుతాను. గొంతు సంగతి చెప్పను. చెబితే ఎవరిదని అడుగుతారు.

పోయిన నెల పుల్లమ్మ ఫోన్ చేసింది. "ఎక్కినం మేడం, ఇద్దరం పైకి వచ్చినం," అంది. సరే అని పెట్టేయబోతుంటే, ఆమె, "లోపట ఇంకెవ్వరు లేరు, మల్లొక్కపారి తొంగి చూసిన," అంది.

నేను అడగలేదు. ఆమే చెప్పింది.